చైనా బెదిరింపులకి మన జవాబు ఇదేనా?

భీమవరం రొయ్యల రైతు:
2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది పోయారు, మనం 59 చైనా యాప్‌లు ఆపేశాం, రొయ్యలు మాత్రం చైనాకి వెళ్తూనే ఉన్నాయి. ఇదేం విధానమండీ?

కాకినాడ కుర్రాడు:
యాప్‌లు పైకి కనిపించేవండి. అసలు పని లద్దాఖ్‌లో వేలమంది సైన్యాన్ని చలికాలంలో కూడా కదపకుండా ఉంచడం, అదే ఏడాది అమెరికా, జపాన్‌లతో కలిసి చేసే మలబార్ నౌకాదళ విన్యాసాలకి ఆస్ట్రేలియాని పిలవడం. అంతకుముందే, 2019లో, మన కాకినాడ తీరంలో అమెరికాతో కలిసి టైగర్ ట్రయంఫ్ అనే సైనిక విన్యాసాలు చేశారుగా!

అమలాపురం మాస్టారు:
ఆయ్, అమెరికాని నమ్ముకోమంటారా? 2025లో మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది వాళ్లేగా. దెబ్బ తగిలింది మన చెరువులకే.

భీమవరం రొయ్యల రైతు:
మరేం చేయాలంటారు?

కాకినాడ కుర్రాడు:
సైన్యం అక్కడే ఉండగా మాట్లాడుతూ పోబట్టే 2024 అక్టోబరులో చైనాతో సరిహద్దు గస్తీ ఒప్పందం కుదిరింది. చైనాకి రొయ్యల అమ్మకాలు ఆపేస్తే ముందు టెన్షన్ మీకే కదండీ.