‘కప్పలి’నా, ‘గప్పలి’నా? చెక్క మీద చెక్కాలి

రేవుగట్టు: పాత లాంచీ మరమ్మతు చివరికొచ్చింది. క్యాబిన్ లోపల టేకు పలక మీద నావల పేర్లున్న శ్రీనాథుడి పద్యపాదం ఒకటి చెక్కించాలి. ‘కప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్ల’ అని గుర్తు. ‘గప్పలి’ అని కూడా చూసినట్టుంది. ఏది చెక్కించాలి?

సరళాదేశం: పాదం ‘శరధిం గప్పలి’. శరధిన్ (సముద్రంలో) ద్రుతాంతం, అంటే ‘న్’తో ముగిసే మాట కనుక క కాస్తా గ అయింది. శరధిని వదిలేస్తే గ నిలవడానికి ఆధారమే లేదు, ‘కప్పలి’ అనే ఉండాలి.

మత్తేభం: శరధిని వదిలేస్తే ‘సమ్మన్ల’ స యతిస్థానంలో ఉంది, పాదం మొదటి అక్షరంతో కలవాలి; అది దేనితో కలుస్తుంది? పాదం మొత్తం చెక్కించండి. అసలు తగువు జోంగు దగ్గర. నిండుసున్నా, అరసున్నా? జో ఎలాగూ గురువే, ఛందస్సు తేల్చదు.

కలపపని: చిన్న నిండుసున్న చెక్కితే నడిమి బిళ్ళకు పీచు పట్టు చాలక ఊడొస్తుంది. లోపలి వెడల్పు 6 మి.మీ. ఉంచండి, లోతు 2 మి.మీ. దాటనివ్వకండి.

ముందు పీచు వాటంగా 120, 180, 220 నంబరు గరుకు కాగితం పట్టాలి. టేకుకు సహజంగానే నూనె ఉంటుంది. పూతకు కాస్త ముందు అసిటోన్ గుడ్డతో తుడవకపోతే వార్నిష్ సరిగా ఆరదు, తర్వాత పొరలుగా లేస్తుంది. మొదటి పూతలో సగం థిన్నరు, రెండోదాంట్లో పావువంతు. అవి ఆరాకే అక్షరాలు చెక్కాలి. పచ్చి చెక్కలో రంగు నింపితే పీచు వెంట పాకుతుంది, అందుకే గాడిలోనూ పలుచని పూత వేయాలి. పైకి ఒలికిన రంగు తీసేసి ఇంకో 3 పూతలు, మధ్యమధ్య 320 నంబరు కాగితం. ఉక్కు పీచు మాత్రం వద్దు, ఇరుక్కున్న తునకలు తుప్పు చుక్కలవుతాయి.

మత్తేభం: ఉలికి తేలికని అరసున్న పెడితే అది కవి పాఠం కాదండీ. జోంగు జావా, మలయా వైపు నావ. అక్కడి మాటలోనూ ఆ ముక్కు పలుకు నిండుగా ఉంది.

సరళాదేశం: తమిళ కప్పల్ (ఓడ) పక్కనే జావా జోంగు! ఒక్క పాదంలో ఇన్ని రేవుల నావలు నిలిపినవాడు శ్రీనాథుడే. ఈ పాదమున్న హరవిలాసం కావ్యాన్ని అంకితం పొందిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి తెప్పించిన సరుకు చూడండి: చందనం, కర్పూరం, కుంకుమ, కస్తూరి. అంతా పరిమళమే.

రేవుగట్టు: వార్నిష్ బదులు అవిసె నూనె రాస్తే?

కలపపని: మూసి ఉండే క్యాబిన్‌లో చెమ్మకు బూజు పడుతుంది, చెక్క నల్లబడుతుంది. నూనె గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు, విప్పి ఆరేయాలి. పలక వెనకవైపు, కొసలకు కూడా పూత వేయండి. వెనక చెమ్మ తాగితే పలక దోనెలా వంగుతుంది.

మత్తేభం: సమ్మన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది సంపాన్ అనే నావే అంటాను.

సరళాదేశం: అయితే ‘సంపన్ల’ అన్నా గణం (గురులఘువుల వరుస) చెడదు కదా! ఆ మ్మ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?