ఫైబర్ బుక్ చేస్తే 5జీ డబ్బా పెడతామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

అద్దెఇల్లు
మొబైల్ సిమ్ ఏ కంపెనీదో ఆ కంపెనీ దగ్గరే ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ బుక్ చేశా. బిల్లు ఒక్కటే వస్తుంది, గొడవ ఉండదు అని. ఫోన్‌లో మాట్లాడినావిడ ఫైబర్ అనే చెప్పింది, వచ్చిన మెసేజ్‌లో కూడా 200 ఎంబీపీఎస్ ఫైబర్ అనే ఉంది. నిన్న చూడ్డానికొచ్చిన అబ్బాయి వీధి చివరి పోల్ దాకా వెళ్లొచ్చి, "సార్, మీ లైన్లో బాక్స్ ఫుల్, పోర్ట్ ఖాళీ లేదు, దాని బదులు 5జీ డబ్బా పెట్టేస్తా, స్పీడ్ అంతే, ప్లాన్ కూడా అదే" అన్నాడు. అంటే తీగ లేకుండా మొబైల్ టవర్ నుంచి సిగ్నల్ పట్టుకునే డబ్బా అట. పెట్టకముందే ఓటీపీ అడిగాడు, నేను ఇవ్వలేదు. ఇంట్లో ఇద్దరికీ వర్క్ ఫ్రమ్ హోమ్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీడియో కాల్సే. ఒప్పుకోనా, ఫైబర్ కోసం ఆగనా? ఇంకోటి, ఏది పెట్టినా రౌటర్ గుమ్మం పక్కనే ఉంటుందట, మేం పనిచేసే గది ఇంటికి ఆ చివర ఉంది. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

తీగలపని
నేను చేసేది ఈ పనే, కాబట్టి సూటిగా చెప్తా. ముందు ఆ ఓటీపీ సంగతి. అది సాధారణంగా "కనెక్షన్ పెట్టాం, కస్టమర్ ఒప్పుకున్నాడు" అని సిస్టమ్‌లో పని క్లోజ్ చేయడానికి. అది చేతిలో పడ్డాక మీ కంప్లయింట్ కొత్త కంప్లయింట్ అవుతుంది, పెండింగ్ పని కాదు. నెట్ వచ్చి, మీరు చూసుకుని, సరే అనుకున్నాకే ఇవ్వండి.

బాక్స్ ఫుల్ అన్నది అబద్ధం కానక్కర్లేదు. ఎక్స్‌ఛేంజ్ నుంచి వచ్చే ఒక్క ఫైబర్‌ని స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, వీధిలో ఉన్న స్ప్లిటర్‌కి కాళ్లు అయిపోతే అయిపోయినట్టే. ఇంకో స్ప్లిటర్ వేయాలి, అది మీ ఇంటికొచ్చిన అబ్బాయి చేతిలో ఉండదు, పైనుంచి రావాలి. ఒక్కోసారి రెండ్రోజుల్లో వేస్తారు, ఒక్కోసారి ఎవరూ పట్టించుకోరు. కొన్నిసార్లు బాక్స్‌లో కనెక్షన్ తీసేసినవాళ్ల తీగలు అలాగే వేలాడుతుంటాయి, పోర్ట్ కాగితం మీద ఫుల్, నిజానికి ఖాళీ. అందుకే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "పోర్ట్ లేదని చెప్పారు, నా ఆర్డర్ ఫైబర్‌గానే ఉంచండి, డెడ్ కనెక్షన్లు చెక్ చేయించండి" అని కంప్లయింట్ నంబర్ తీసుకోండి. నంబర్ లేని మాట మాట కాదు.

స్పీడ్ అంతే అన్నది మాత్రం నేను ఒప్పుకోను. డౌన్‌లోడ్ వరకు రావచ్చు. కానీ 5జీలో ఎక్కువగా ఒకే ఫ్రీక్వెన్సీలో టైమ్ పంచుకుని డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ వాడతారు, అందులో పెద్ద వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తారు. సినిమా చూసేవాడికి అది చాలు. మీ ఇద్దరి మొహాలు అవతలికి వెళ్లాలంటే కావాల్సింది అప్‌లోడ్. పైగా టవర్ మీ ఒక్కరిది కాదు, చుట్టుపక్కల ఫోన్లన్నీ దాని మీదే.

మేడమీద_డబ్బా
అన్నా, మరీ భయపెట్టకండి. నేను వాడుతున్నది 5జీ డబ్బానే, నాక్కూడా వీడియో కాల్సే పని, ఆగిపోయిన రోజులు చాలా తక్కువ. అయితే అదంతా ఎక్కడ బిగించారు అన్నదాని మీద ఉంటుంది. మా డబ్బా మేడ మీద, టవర్ వైపు తిప్పి, మధ్యలో అడ్డం లేకుండా పెట్టారు. మా కింద వాటా వాళ్లకి కిటికీ లోపల పెట్టి వెళ్లిపోయారు, ఆ అద్దానికి ఎండ ఆపే పూత ఉంది, దాంట్లో లోహం ఉంటుంది కదా, సిగ్నల్ సగం అక్కడే పోతోంది. ఒకే కంపెనీ, ఒకే ప్లాన్, వాళ్లు రోజూ తిడుతుంటారు.

అద్దెఇల్లు గారూ, మీకు అదే కంపెనీ సిమ్ ఉందన్నారుగా. 5జీ ఫోన్ అయితే వైఫై ఆపేసి, డబ్బా ఎక్కడ పెడతారో అక్కడే నిలబడి రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య స్పీడ్ టెస్ట్ చేయండి. మధ్యాహ్నం చేసి మురిసిపోవద్దు. డబ్బాకి యాంటెన్నా పెద్దది కాబట్టి ఫోన్ కంటే కాస్త మెరుగ్గా వస్తుంది, కానీ ఫోన్లోనే అప్‌లోడ్ ఐదు ఎంబీపీఎస్ దాటకపోతే డబ్బా ఏం అద్భుతాలు చేయదు. ప్లాన్‌లో డేటా పరిమితి ఎంతో, అది దాటితే స్పీడ్ ఎంతకి పడిపోతుందో కూడా అడగండి. ఫైబర్ ప్లాన్ పరిమితి, దీని పరిమితి ఒకటే అనుకోవద్దు.

గోడవెనకాల
రౌటర్ గురించి ఎవరూ చెప్పలేదు, అసలు రోజూ ఏడిపించేది అదే. గుమ్మం దగ్గర పెట్టి అక్కడే ఫోన్లో టెస్ట్ చూపించి వెళ్తారు, అక్కడ 200 వస్తుంది, ఎందుకు రాదు! 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 దూరం వెళ్తుంది గానీ చుట్టుపక్కల అందరూ దాని మీదే, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన ఛానళ్లు 1, 6, 11 అని మూడే.

మీ పని గదికి ఒక లాన్ కేబుల్ లాగించండి, గోడ వెంబడి క్లిప్పులు కొట్టినా సరే, అద్దె ఇల్లయితే తలుపు అంచున పల్చటి ఫ్లాట్ కేబుల్ వేసుకోండి. 100 మీటర్ల దాకా రాగి తీగలో ఇబ్బంది లేదు. కేబుల్ వేశాక ల్యాప్‌టాప్‌లో స్పీడ్ 94, 95 దగ్గరే కొట్టుకుంటుంటే ప్లాన్‌ని అనుమానించకండి, ముందు కేబుల్‌ని అనుమానించండి. లోపల ఎనిమిది తీగలుంటాయి, చివర ప్లగ్ బిగించేటప్పుడు ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా లింక్ గిగాబిట్ నుంచి 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు. పాత రౌటర్లలో పోర్టే 100ది ఉంటుంది, అది కూడా చూసుకోండి.

మీకు ఇంట్లో కెమెరా ఉండి బయటినుంచి చూడాలంటే ఇంకో మాట. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీ వెనక బోలెడు ఇళ్లని పెడతాయి. రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే కథ, బయటినుంచి నేరుగా మీ కెమెరాకి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. క్లౌడ్ మీద నడిచే కెమెరాకి పర్లేదు.

అద్దెఇల్లు
అందరికీ థాంక్స్. కస్టమర్ కేర్‌కి చేశా, నా ఆర్డర్ అప్పుడే వైర్‌లెస్‌గా మార్చేసి ఉంది, నన్నడక్కుండానే! తిరిగి ఫైబర్‌కి మార్పించి నంబర్ తీసుకున్నా. తీగలపని గారూ, ఒకవేళ ఫైబరే వస్తే ఓటీపీ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి? నాకు ఆ లైట్లు అవీ అర్థం కావు.

తీగలపని
లైట్లలో ఒకటే గుర్తుపెట్టుకోండి, లాస్ అని రాసి ఉన్నది ఎర్రగా వెలగకూడదు. అది వెలిగిందంటే తీగలో వెలుతురు రావట్లేదని. తర్వాత ఆ అబ్బాయిని తీగలో వచ్చే వెలుతురు పవర్ ఎంతుందో అడగండి, మీటర్ పెట్టి చూపిస్తాడు, లేకపోతే ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి తగిలే పెట్టె) పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని ఉంటుంది. మైనస్ 20 డీబీఎం చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27కి దగ్గరగా ఉంటే వెలుతురు బలహీనమని, ఆ రోజు నడుస్తుంది, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు కట్ అవడం మొదలవుతుంది, అప్పుడు మళ్లీ మీరే ఫోన్లు చేసుకోవాలి. కనెక్టర్ తుడిచి పెట్టమనండి, పవర్ మెరుగవకపోతే జాయింట్ మళ్లీ వేయమనండి. తలుపు మూలలో తీగని మడతపెట్టి మేకు కొట్టనివ్వకండి, సగం నష్టం ఆ మడతల్లోనే. ఆకుపచ్చ కనెక్టర్ చివర వేలు పెట్టొద్దు, లోపలికి తొంగి చూడొద్దు, ఆ లేజర్ కంటికి కనపడదు.

స్పీడ్ టెస్ట్ లాన్ కేబుల్‌తోనే చూడండి, అప్‌లోడ్ అంకె కూడా చదవండి. కరెంటు పోతే ఏంటి అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా, వీధిలో స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు, మీ ఇంట్లో ఓఎన్‌టీకి, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే చాలావరకు నెట్ నడుస్తూనే ఉంటుంది. కొనేముందు రెండింటి అడాప్టర్ల మీద వోల్టేజ్ చూసుకోండి.

మేడమీద_డబ్బా
ఫైబర్ లేటయ్యేలా ఉంటే ఈలోపు డబ్బా పెట్టించుకోండి, కానీ ఎన్ని నెలలు కట్టుబడి ఉండాలో, డబ్బా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కొస్తుందో రాతపూర్వకంగా తీసుకున్నాకే.

అద్దెఇల్లు
సరే, రాత్రి మేడ మీద టెస్ట్ చేసి అంకెలు ఇక్కడే పెడతా.

తీగలపని
పింగ్ కూడా పెట్టండి, అంటే అవతలికి వెళ్లి జవాబు రావడానికి పట్టే టైమ్. నాలుగైదుసార్లు వరసగా చేసి, ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే ఆ తేడా కూడా రాయండి, కాల్‌లో గొంతు తెగిపోయేది చాలాసార్లు దాని వల్లే.