అన్నం, బెల్లం బంద్ చేస్తే క్యాన్సర్ కణం ఆకలికి చస్తదా?

మిర్యాలగూడ_తమ్మి: రొమ్ము క్యాన్సర్‌కు కీమో నడుస్తున్న మా పెద్దమ్మకు ఇంట్లోళ్లు అన్నం, బెల్లం బంద్ పెట్టిండ్రు. గడ్డ చక్కెర మీదనే బతుకుతదట, పెట్ స్కాన్‌ల (గ్లూకోజ్ లాంటి మందు ఎక్కించి తీసే స్కాన్) మెరిసేది గదేనట. షుగర్ జబ్బు లేకున్నా మెట్‌ఫార్మిన్ (షుగర్ గోలీ) వేయమంటున్నరు. నిజమేనా అన్నా?

పాలమూరు_డైట్: స్కాన్ మాట నిజమే తమ్మీ. ఆక్సిజన్ ఉన్నా గడ్డ కణాలు గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆసిడ్ దాకనే విరుస్తయని జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే చూపిండు. అట్ల ఒక గ్లూకోజ్‌కు దక్కేది 2 ఏటీపీలే (కణానికి శక్తినిచ్చే అణువులు), పూర్తిగా కాలిస్తే 30 దాకా వస్తయి. అయినా ఆ దారే పడ్తయి, ఎందుకంటే మధ్యల మిగిలే ముక్కలతోనే కొత్త కణానికి డీఎన్ఏ, కొవ్వు కట్టుకుంటయి.

కానీ అన్నం ఆపితే రక్తంల గ్లూకోజ్ ఆగదు. కండ కరిగిన ప్రొటీన్ నుంచి కాలేయం మళ్లీ తయారు చేస్తది. గడ్డకు అందేది అందుతనే ఉంటది, పెద్దమ్మ తొడలు సన్నబడ్తయి. కిడ్నీలు బాగుంటే కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలె. 50 కిలోలకు 60–75 గ్రాములు. గుడ్డుకు వచ్చేది 6 గ్రాములే, కాబట్టి పప్పు, పెరుగు పూటపూటకు ఉండాలె. నోరు పూస్తే జొన్నరొట్టె మింగుడు పడదు, గటక పలుచగ చేసి పెట్టుండ్రి. వారానికోసారి ఒకే కాంటా మీద తూకం చూడుండ్రి.

నల్లగొండ_ఫార్మసిస్ట్: మెట్‌ఫార్మిన్ వద్దు. షుగర్ లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్ల పరీక్షించిండ్రు, 2022ల ఫలితం వచ్చింది: జబ్బు తిరగబెట్టుడు తగ్గలే.

తిండిని కొట్టి కణాన్ని చంపే మందులు లేవని కాదు. పిల్లల ల్యుకేమియాల (రక్త క్యాన్సర్) ఇచ్చే ఆస్పరాజినేజ్ మందు చూడుండ్రి. ఆ కణాలు ఆస్పరాజిన్‌ను (ప్రొటీన్ కట్టే ఒక అమైనో ఆసిడ్) సొంతంగ సరిపడ చేసుకోలేవు, రక్తం నుంచి తెచ్చుకుంటయి. మందు రక్తంలనే దాన్ని విరిచేస్తది. మంచి కణాలు సొంతంగ చేసుకొని బతుకుతయి. కాకపోతే ఆ మందుతో కొందరికి పాంక్రియాస్ (జీర్ణరసాలు చేసే గ్రంథి) వాస్తది. వీపులకు పాకే కడుపునొప్పి, వాంతులు వస్తే గ్యాస్ గోలీతో ఆగొద్దు, అప్పుడే దవాఖానకు పోవాలె.

మిర్యాలగూడ_తమ్మి: మోకాళ్లకు రోజూ నొప్పి గోలీ వేసుకుంటది. ఏమన్నా అయితదా?

నల్లగొండ_ఫార్మసిస్ట్: మన దిక్కు ఫ్లోరైడ్ నొప్పులకు గిది మస్తుమందికి అలవాటు. కీమో చీటీల మెథోట్రెక్సేట్ ఉన్నదేమో చూడు. అది కణాలకు కావాల్సిన ఫోలేట్ (ఒక బి విటమిన్) దారిని కొట్టే మందు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు తోడైతే కిడ్నీ దాన్ని సరిగ్గ బయటికి పంపలేదు. ఒంట్లనే నిలిచి నోరంతా పుండ్లు పడ్తయి, తెల్ల కణాలు పడిపోతయి. ఆ గోలీ పేరు రాసుకొని కీమో డాక్టర్‌కు రేపే చూపియ్యి.