రెండో తరగతి గదిలో నోట్‌బుక్కులకు, గ్రూపులకు రంగులు: ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నేను రెండో తరగతి టీచర్‌ని, అన్ని సబ్జెక్టులూ నేనే చెప్తాను. పీరియడ్ మారినప్పుడల్లా "టీచర్, ఏ నోట్‌బుక్ తియ్యాలి?" అని ఒకటే అడగడం, చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లలైతే పక్కవాళ్లు ఏది తీశారో చూసి తీస్తారు, అందరూ సర్దుకునేసరికి పాఠం టైమ్ కొంత పోతోంది. అందుకే లెక్కలకు నీలం, భాషకు ఎరుపు, సైన్స్‌కు ఆకుపచ్చ పెడదామనుకుంటున్నా. గ్రూపులకూ అవే రంగులు, లైబ్రరీ పుస్తకాల స్థాయిలకు రంగు స్టిక్కర్లు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
నోట్‌బుక్కులకు తప్పకుండా పెట్టండి, చాలా తేడా కనిపిస్తుంది. కానీ ఒక రంగుకు ఒకటే అర్థం ఉండాలి మేడమ్. గ్రూపులకు కూడా నీలం పెడితే, "నీలం" అనగానే సగం మంది లెక్కల పుస్తకం తీస్తారు, సగం మంది లేచి నిలబడతారు. గ్రూపులకు పక్షుల పేర్లు పెట్టెయ్యండి. నోట్‌బుక్ అట్ట, టైమ్‌టేబుల్‌లో ఆ గడి, పుస్తకాలు పెట్టే ట్రే, ఈ మూడూ ఒకే రంగులో ఉంటే పిల్లలు మిమ్మల్ని అడగడం మానేస్తారు. అన్నీ ఒకేరోజు మొదలుపెట్టకండి, ముందు లెక్కలు అలవాటయ్యాక రెండోది. ఇంకోటి, మీ దగ్గర మాంటిస్సోరి సామగ్రి (పిల్లలు చేత్తో పట్టుకుని లెక్కలు నేర్చుకునే అంకెల కార్డులు, బిళ్లలు లాంటివి) ఉంటే అందులో ఒకట్లకు ఆకుపచ్చ, పదులకు నీలం, వందలకు ఎరుపు ఉంటాయి, అది ముందే చెప్పకపోతే పిల్లలు కలిపేసుకుంటారు.

జవాబు 2:
ఎరుపు, ఆకుపచ్చ రెండూ వాడుతున్నారు కాబట్టి ఇది చెప్పాలి. ఆ రెండు రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియని పిల్లలు మన క్లాసుల్లో ఉంటారు. ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో అయితే మగవాళ్లలో సుమారు 12 మందికి ఒకరు, ఆడవాళ్లలో 200 మందికి ఒకరు, మిగతా చోట్ల కొంత తక్కువ. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగపిల్లలకు అది ఒక్కటే ఉంటుంది కాబట్టి వాళ్లలోనే ఎక్కువ. ఆ వయసు పిల్లలకు తమకు వేరేగా కనిపిస్తోందన్న సంగతే తెలియదు, తప్పు పుస్తకం తీస్తే మనం ధ్యాస లేదని కోప్పడతాం. పాపం కదా! అందుకే రంగుతోపాటు ఒక గుర్తు కూడా వెయ్యండి, లెక్కలకు కూడిక గుర్తు, భాషకు "అ", సైన్స్‌కు ఆకు బొమ్మ. అన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి, అందులోనూ ఏది ఏదో తెలిస్తే ఇక టెన్షన్ లేదు. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో కూడా రాయకండి.

జవాబు 3:
పుస్తకాల స్థాయిలకు మాత్రం రంగులు వద్దండి, దయచేసి. ఏ రంగు "తెలివైనవాళ్లది", ఏది "రానివాళ్లది" అన్నది పిల్లలు ఇట్టే పసిగడతారు, ఆ తర్వాత ఇష్టమైన పుస్తకం కూడా సిగ్గుపడి ముట్టుకోరు. జంతువులు, కథలు, బండ్లు అని విషయాన్నిబట్టి పెట్టండి, స్థాయి మీకు కావాలంటే వెనక అట్ట లోపల పెన్సిల్‌తో చిన్నగా రాసుకోండి. గోడలు కూడా నింపెయ్యకండి. 2014లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్లు చిన్నపిల్లలతో చేసిన అధ్యయనంలో, అలంకరణ ఎక్కువున్న గదిలో పిల్లల ధ్యాస ఎక్కువసేపు పక్కకి పోయింది, నేర్చుకున్నదీ తగ్గింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. గ్రూపులకు పక్షులు, స్థాయిల స్టిక్కర్లు వద్దు, గుర్తులు రేపే గీస్తాను. ఒక్క డౌట్, అన్ని రంగుల అట్టలు దొరక్కపోతే?

జవాబు 1:
మామూలు అట్టే వేసి, కుట్టు ఉన్న అంచు పొడవునా రంగు టేప్ అంటించండి, మేడమ్. పుస్తకాలు దొంతరగా పెట్టినా ఆ అంచు బయటికి కనిపిస్తుంది. గుర్తు మాత్రం అట్ట మీద పెద్దగా వెయ్యండి.