‘ఏ ఫార్మాట్ అయినా సరే’ అన్న జర్నల్‌కి కూడా పూర్తి ఫార్మాటింగ్ చేసి పంపాలా?

కొత్తచేయి
పరిశోధన పేపర్ రాయడం దాదాపు అయిపోయింది. 7 బొమ్మలు, 3 టేబుళ్లు, 62 రిఫరెన్సులు. పంపబోయే జర్నల్ సూచనల్లో "మొదటిసారి ఏ ఫార్మాట్‌లో పంపినా సరే, రివిజన్ అప్పుడు మా పద్ధతికి మార్చండి" అని ఉంది. అయినా సరే ఇప్పుడే అంతా మార్చి పంపాలని సహరచయితల్లో ఒకరు పట్టుబడుతున్నారు. దండగ పని అని ఇంకొకరు. ఎవరి మాట వినమంటారు?

రెండోకాలమ్
పట్టుబడుతున్నవారి మాటే వినండి. "ఏ ఫార్మాట్ అయినా" అంటే రిఫరెన్సుల శైలి, హెడ్డింగుల తీరు, మార్జిన్లు, అంతవరకే. మిగతావేవీ మాఫీ కావు. టైటిల్ పేజీ, కరెస్పాండింగ్ రచయిత (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు) ఈమెయిల్, ఎథిక్స్ అనుమతి వాక్యం, డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పే ప్రకటన, ప్రయోజనాల వైరుధ్యం ప్రకటన, నిధుల వివరం, ఇవన్నీ మొదటి రోజునే కావాలి. లైన్ నంబర్లు పేజీ పేజీకీ 1 నుంచి మొదలవకుండా మొదటి నుంచి చివరిదాకా వరసగా పోవాలి. 12వ పేజీ 8వ లైను అని వెతుక్కునే ఖర్మ పేపర్‌ని పరీక్షించే రివ్యూయర్‌కి ఎందుకు?

బొమ్మలు మాత్రం మొదటి రోజు నుంచే అచ్చు వెడల్పులో గీయాలి. ఎల్సెవియర్ సంస్థ ప్రచురించే జర్నళ్లలో సింగిల్ కాలమ్ 90 మి.మీ., డబుల్ కాలమ్ 190 మి.మీ. మీరు 250 మి.మీ. వెడల్పులో 10 పాయింట్ల అక్షరాలతో గీశారనుకోండి, దాన్ని 90కి కుదిస్తే అక్షరం 3.6 పాయింట్లకు దిగుతుంది. ఎవరూ చదవలేరు. అప్పుడు 7 బొమ్మలూ మళ్లీ గీయాలి.

పాదసూచి
కొత్తచేయి గారూ, దండగ పని అన్నవారి మాట వినండి. జర్నలే వద్దంటుంటే మనం ఎగబడి చేయడం ఏమిటి? ఎల్సెవియర్ ఈ వెసులుబాటును 2011లో ఒక జర్నల్‌తో మొదలుపెట్టి తర్వాత మిగతావాటికి విస్తరించింది. వైలీ అనే ఇంకో ప్రచురణ సంస్థలోనూ ఫ్రీ ఫార్మాట్ ఉంది. వాళ్లు ఊరికే పెట్టలేదు. ఎడిటర్ తలుపు దగ్గరే తిరిగొచ్చే పేపర్లు బోలెడు. ఆ పేపర్ ఇంకో జర్నల్‌కి పోతుంది, అక్కడ శైలి వేరు. ఒకరికి సంఖ్యల వరస కావాలి, ఇంకొకరికి రచయిత-సంవత్సరం కావాలి. ఒకరు జర్నల్ పేరు పూర్తిగా రాయమంటారు, ఇంకొకరు కుదించమంటారు. కుదించినా సంక్షిప్తం తర్వాత చుక్క ఉండాలా వద్దా అన్నదానికీ రెండు పద్ధతులు.

2019లో ప్లాస్ వన్ జర్నల్‌లో ఒక సర్వే వచ్చింది. 41 దేశాల నుంచి 372 మంది జవాబిచ్చారు. ఒక్కో మాన్యుస్క్రిప్ట్ ఫార్మాటింగ్‌కే మధ్యస్థంగా 14 గంటలు. ఆ టైములో ఇంకో ప్రయోగం అయిపోతుంది.

రెండోకాలమ్
ఆ 14 గంటలు గడియారం పెట్టి కొలిచినవి కావు, జనం గుర్తు చేసుకుని చెప్పినవి. పైగా ఈ పని ఇష్టం లేనివాళ్లే అలాంటి సర్వేకి ఎక్కువగా జవాబిస్తారు.

రిఫరెన్సులు పేర్చే జొటెరో ప్రోగ్రాములో శైలి మార్చడానికి ఎంతసేపు పడుతుంది? డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్ తెరిచి, జర్నల్ శైలి ఎంచి, ఓకే నొక్కడమే. చేత్తో రిఫరెన్సులు టైపు చేసేవాళ్లకే 14 గంటలు.

పాదసూచి
ఓకే నొక్కాక చూశారా ఎప్పుడైనా? జర్నల్ సైటు నుంచి లాగిన రికార్డులో శీర్షిక మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే జాబితాలోకీ అలాగే వస్తుంది. జాతుల పేర్లకు ఇటాలిక్ పోతుంది. కాన్ఫరెన్స్ పేపర్‌ని జర్నల్ వ్యాసంగా దిగుమతి చేసుకుంటుంది. సంపుటం, పేజీలు లేకుండా వ్యాసం నంబరు మాత్రమే ఉన్న ఆన్‌లైన్ జర్నళ్ల దగ్గర ఖాళీలు వదిలేస్తుంది. 62 ఎంట్రీలూ కళ్లతో చూడాల్సిందే. అది ఒక నొక్కుడు పని కాదు.

లేటెక్‌దాసు
వర్డ్ బదులు లేటెక్ వాడండి, కోడ్ రాస్తే పేజీలు అదే పేరుస్తుంది, ఈ గొడవే ఉండదు.

రెండోకాలమ్
ఉండదా? ఎల్సెవియర్ లేటెక్ మూస ఎల్స్‌ఆర్టికల్ క్లాసులో రివ్యూ ఆప్షన్ పెడితే లైన్ల మధ్య ఎడం వస్తుంది, లైన్‌నో ప్యాకేజీతో నంబర్లు వస్తాయి, అక్కడిదాకా హాయి. తర్వాత పేపర్లు సమర్పించే ఎడిటోరియల్ మేనేజర్ సైటులో ఎక్కించి చూడండి. బొమ్మలు సబ్‌ఫోల్డర్‌లో ఉంటే దానికి దొరకవు, అన్ని ఫైళ్లూ ఒకే చోట పెట్టి దారులు మార్చుకోవాలి. రిఫరెన్సులకు బిబ్‌లేటెక్, బైబర్ వాడి ఉంటే వాళ్ల సర్వర్‌లోని వెర్షన్‌తో పేచీ వచ్చి రిఫరెన్సుల జాబితా రాకుండా పోవచ్చు. నాట్‌బిబ్ ప్యాకేజీతో చేసి, తయారైన బీబీఎల్ ఫైలును (పేర్చిన రిఫరెన్సుల జాబితా) కూడా జతచేయడం మేలు.

లేటెక్‌దాసు
బీబీఎల్ ఎక్కించనివాళ్ల తప్పు అది. లేటెక్‌ది కాదు.

పాదసూచి
బొమ్మల విషయానికి వస్తా. అచ్చు వెడల్పులో గీయడం మంచిదే, కాదనను. కానీ రివ్యూకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) టిఫ్ ఫైళ్లు దేనికి? రివ్యూయర్ స్క్రీన్ మీద చూస్తాడు. టెక్స్ట్ మధ్యలో బొమ్మ, దాని కిందే వివరణ ఉన్న ఒక్క పీడీఎఫ్ చాలు. బొమ్మలన్నీ చివర, వివరణలు ఇంకోచోట పెడితే అతను ముందుకూ వెనక్కూ తిరగలేక చిరాకు పడతాడు. ఆ చిరాకు మీ పేపర్ మీదే పడుతుంది.

రెండోకాలమ్
"300 డీపీఐ" అని వెడల్పు చెప్పకుండా అంటే దానికి అర్థమే లేదు. 90 మి.మీ. అంటే 3.54 అంగుళాలు. 300 డీపీఐ దగ్గర 1063 పిక్సెళ్లు, గీతల బొమ్మకు ఎల్సెవియర్ అడిగే 1000 డీపీఐ దగ్గర 3543. ఫోటో, గీతలు కలిసిన బొమ్మకు 500. చూడాల్సింది పిక్సెళ్లు. 600 పిక్సెళ్ల స్క్రీన్‌షాట్ తీసుకుని ఫోటోషాప్‌లో డీపీఐ గడిలో 300 అని కొట్టి రీసాంపుల్ చేస్తే ఫైలు లావెక్కుతుందే తప్ప వివరం పెరగదు.

ఇక మీరు చెప్పిన "టెక్స్ట్ మధ్యలో బొమ్మ". వర్డ్ ఏం చేస్తుందో తెలుసా? సేవ్ చేసినప్పుడు బొమ్మల్ని కుదిస్తుంది, చాలా వెర్షన్లలో 220 పీపీఐకి (అంగుళానికి పిక్సెళ్లు). ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఇమేజ్ క్వాలిటీ దగ్గర "కుదించవద్దు" అని టిక్కు పెట్టాలి, అదీ బొమ్మ చొప్పించక ముందే. రివిజన్ అప్పుడు అసలు ఫైళ్లు కనబడక, వర్డ్ నుంచే బొమ్మ కాపీ చేసి టిఫ్‌గా సేవ్ చేసి పంపేవాళ్లు ఎంతమందో.

పాదసూచి
అసలు ఫైళ్లు పారేసుకోమని నేనెక్కడ అన్నాను? పీడీఎఫ్‌లో తేలిక బొమ్మ, ఫోల్డర్‌లో అసలు బొమ్మ. రెండూ ఉంటాయి.

గుడ్డిరివ్యూ
గ్రాఫులకు టిఫ్ ఎందుకసలు, వెక్టర్‌లో (ఎంత పెంచినా చెదరని గీతలుగా) ఇవ్వండి. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్లు పీడీఎఫ్ ఫాంట్‌టైప్‌ని 42 చేసుకోండి. మామూలుగా అది 3లో ఉంటుంది, కొన్ని సమర్పణ వ్యవస్థలు టైప్ 3 ఫాంట్లను ఒప్పుకోవు. వేల చుక్కలున్న స్కాటర్ ప్లాట్ అయితే చుక్కల పొరను మాత్రం రాస్టరైజ్ చేసి (పిక్సెళ్లుగా మార్చి), అక్షాలు, అక్షరాలు వెక్టర్‌గా ఉంచండి. లేకపోతే ఆ పేజీ దగ్గరికి రాగానే పీడీఎఫ్ నిలబడిపోతుంది.

రెండోకాలమ్
ఇది పనికొచ్చే మాట. జేపెగ్ మాత్రం వద్దు, గీతల చుట్టూ మసక చేరుతుంది. టిఫ్‌కి ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు పెడితే వివరం పోకుండా సైజు తగ్గుతుంది.

పాదసూచి
మళ్లీ డీపీఐలోకే వెళ్లిపోయాం. కొత్తచేయి గారు అడిగింది ఇప్పుడే చేయాలా, తర్వాతా అని. ఒక జర్నల్ ఆఫీసు రిఫరెన్సుల్లో సంపుటం సంఖ్య బోల్డ్‌లో లేదని పేపర్ వెనక్కి పంపింది. సరిచేసి పంపితే, ఇది మా పరిధిలోకి రాదని తిప్పికొట్టింది. పరిధి ముందు చూసి బోల్డ్ తర్వాత చూడొచ్చుగా? సాఫ్ట్‌వేర్ చేసే పనిని రచయితల నెత్తిన రుద్దడం ఇది. అంగీకరించాక టైప్‌సెట్టర్ ఎలాగూ మొత్తం విప్పి ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, వాళ్ల శైలిలో మళ్లీ పేరుస్తారు. మీరు పెట్టిన బోల్డ్ అక్కడే పోతుంది.

రెండోకాలమ్
ఒక ఆఫీసు చేసిన నిర్వాకాన్ని సూత్రంగా చూపిస్తారా? రివ్యూకి వచ్చే పేపర్లు చూస్తే తెలుస్తుంది, ఫార్మాట్ గాలికి వదిలేసినవాళ్లు లెక్కలు కూడా గాలికే వదిలేస్తారు. 3వ బొమ్మ ప్రస్తావన 2వ బొమ్మ కంటే ముందొస్తుంది. 4వ బొమ్మలో సీ భాగం గురించి టెక్స్ట్‌లో ఒక్క ముక్క ఉండదు. పద్ధతుల్లో 10 నమూనాలు, బొమ్మ వివరణలో 12. ఎర్రర్ బార్ ఎస్డీనా (ప్రామాణిక విచలనం) ఎస్ఈఎమ్మా (సగటు ప్రామాణిక దోషం) చెప్పరు. మైక్రోస్కోపు ఫోటోలో స్కేల్ బార్ బదులు "400 రెట్లు" అని రాస్తారు, బొమ్మ కుదించగానే అది అబద్ధం అవుతుంది.

ఇంకోటి వినండి. పాత వర్డ్ ఫైళ్లలో మైక్రో గుర్తును సింబల్ ఫాంటుతో పెడతారు. ఆ ఫాంటులో మ్యూ అక్షరం ఇంగ్లిషు చిన్న ఎమ్ మీట మీద కూర్చుని ఉంటుంది. ఫాంటు మారితే మ్యూ కాస్తా ఎమ్ అవుతుంది, అంటే 10 మైక్రోగ్రాములు 10 మిల్లీగ్రాములవుతాయి. మోతాదు వెయ్యి రెట్లు! ఇది అలంకారమా?

పాదసూచి
కాదు, అది తప్పు దిద్దడం. మీరు చెప్పినవన్నీ తప్పు దిద్దడమే. బొమ్మల వరస, నమూనాల సంఖ్య, మైక్రో గుర్తు, ఏ జర్నల్‌కైనా ఏ రోజైనా సరిగ్గా ఉండాల్సినవి. నేను దండగ అంటున్నది ఒక జర్నల్‌కి మాత్రమే పనికొచ్చి, ఇంకో జర్నల్‌కి పోతే చెత్తబుట్టలో పడే పని. రెండింటినీ ఒకే మూటలో కట్టి మూట మొత్తం మోయమంటారు.

రెండోకాలమ్
ఒక్కో రిఫరెన్సూ మార్చడానికి తెరిచినప్పుడే ఆ తప్పులు బయటపడతాయి. శైలి మార్చే వంకతోనైనా మనిషి 62 రిఫరెన్సులూ చూస్తాడు. ఉపసంహరించిన పేపర్‌ని జొటెరో ఎర్రగా చూపిస్తుంది, ఆ జాబితా తెరిస్తేగా కనబడేది. వంక తీసేస్తే ఎవడూ చూడడు.

మూడోరచయిత
"మనిషి" అంటున్నారు. ఎవరా మనిషి?

రెండోకాలమ్
మొదటి రచయిత. ఇంకెవరు? పేపర్ వాళ్లది. చేస్తేనే వస్తుంది.

పాదసూచి
ఇదీ అసలు సంగతి! ఇంతసేపూ మిల్లీమీటర్లు లెక్కపెట్టింది ఇందుకు. పని ఇంకొకరు చేస్తారు కాబట్టే 14 గంటలు మీకు కనబడవు. వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ రచయితకు నాలుగు షరతులు పెట్టింది. నాలుగోది 2013లో చేర్చింది, పేపర్‌లో ప్రతి అంశానికీ జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవడం. అది పేరున్న ప్రతివారికీ వర్తిస్తుంది. 62 రిఫరెన్సులు సరిచూడటం అంత గొప్ప విద్య అయితే సీనియర్లు కూడా తలా పది చూడొచ్చు కదా అయ్యా!

రెండోకాలమ్
తలా పది చూడమనండి, చూద్దాం. ఒకరు జొటెరో, ఒకరు ఎండ్‌నోట్. ఒకే ఫైల్లో రెండు ప్రోగ్రాముల ఫీల్డ్ కోడ్‌లు (సైటేషన్ వెనక దాగే గుర్తులు) పడి చివర రెండు జాబితాలు వస్తాయి. గూగుల్ డాక్స్‌లో రాసి నేరుగా వర్డ్‌గా దించుకుంటే సైటేషన్లు మామూలు టెక్స్ట్ అయిపోతాయి. దించే ముందు జొటెరోలో "వేరే వర్డ్ ప్రాసెసర్‌కి మార్చు" నొక్కాలి. ఎంతమంది సీనియర్లకు ఇది తెలుసు? ఫైలు ఒకరి చేతిలోనే ఉండాలి. ఇది దోపిడీ అనుకుంటే మీ ఇష్టం.

పాదసూచి
ఫైలు ఒకరి చేతిలో ఉండొచ్చు, చూపు అందరిదీ ఉండాలి. లైన్ నంబర్లున్న పీడీఎఫ్ పంపి, తప్పులు లైను నంబరుతో రాసి పంపమంటే ఏ ఫీల్డ్ కోడూ చెడదు. దోపిడీ అన్న మాట నేను వాడలేదు, మీరే వాడారు.

మూడోరచయిత
👆

కొత్తచేయి
ఇద్దరికీ థాంక్స్. రిఫరెన్సులు జొటెరోలో ఉన్న శైలిలోనే ఒకే తీరుగా వదిలేసి, బొమ్మలు 90, 190 మి.మీ.లకు తిరిగి గీసి, టెక్స్ట్ మధ్యలో పెట్టి ఒకే పీడీఎఫ్ పంపుదామనుకుంటున్నా. రిఫరెన్సుల సరిచూపు ముగ్గురం పంచుకుంటాం. రివ్యూ డబుల్ బ్లైండ్, అంటే రచయితలు, రివ్యూయర్లు ఎవరో ఒకరికొకరు తెలియదు. దానికి ఇంకేమైనా చేయాలా?

గుడ్డిరివ్యూ
టైటిల్ పేజీ, కృతజ్ఞతలు, నిధుల నంబర్లు వేరే ఫైల్లోకి మార్చండి. ఎథిక్స్ కమిటీ పేరులో మీ సంస్థ పేరుంటే అక్కడ సంస్థ పేరు తీసేయండి. "మా గత పేపర్‌లో చూపినట్టు" లాంటి వాక్యాలు ఉంటే మూడో మనిషి మాట్లాడినట్టు తిరగరాయండి. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడిపి రచయిత పేరు తీసేయండి, కామెంట్లు, ట్రాక్ చేంజెస్‌తో సహా. అయితే ముందు ఒక కాపీ దాచుకోండి, తీసేసినవన్నీ వెనక్కి రావు.

రెండోకాలమ్
సిస్టమ్ కట్టిచ్చే పీడీఎఫ్‌ని అప్రూవ్ నొక్కే ముందు మొదటి పేజీ నుంచి చివరిదాకా చూడండి. మైక్రో, ప్లస్ ఆర్ మైనస్, డిగ్రీ గుర్తుల దగ్గర ఆగి చూడండి. ఈ పని మాత్రం మొదటి రచయితే చేయాలి.

పాదసూచి
కరెస్పాండింగ్ రచయిత చేయాలి. అప్రూవ్ బటన్ ఉండేది ఆయన ఖాతాలో.