కుతుబ్‌షాహీల కాలంపై పరిశోధనకు ఫారసీ ఎంత రావాలి?

ప్రశ్న (తెలుగు ఎం.ఏ. విద్యార్థిని, హైదరాబాదు):
నమస్కారం. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో (1518–1687) గ్రామ కరణాల గురించి చరిత్రలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. తెలుగు శాసనాలు చదవగలను గానీ ఫారసీ అక్షరం ముక్క రాదు. అనువాదాలతో నెట్టుకురావచ్చునని కొందరు, అసలు ఆ కాలం జోలికే వెళ్లవద్దని మరికొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (చరిత్ర పరిశోధకుడు):
అనువాదాలను నమ్ముకోకండి. అవి ఎక్కువగా రాజుల యుద్ధాలకు, రాయబారాలకు సంబంధించినవి. మీకు కావలసిన లెక్కల కాగితాల జోలికి అనువాదకులు పెద్దగా పోలేదు. అయితే అచ్చు పుస్తకంలోని ఫారసీ వేరు, దస్తావేజుల్లోని షికస్తా అనే గొలుసుకట్టు వ్రాత వేరు. బే, పే, తే అక్షరాలకు తేడా చుక్కల్లోనే ఉంటుంది కదా, గుమాస్తా ఆ చుక్కలే ఎగరగొట్టి, కలపకూడని అక్షరాలను కలిపేస్తాడు. పైగా లెక్కలన్నీ సియాఖ్‌లో, అంటే అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించిన గుర్తుల్లో ఉంటాయి. రెండేళ్లు ఫారసీ చదివానన్న ధీమాతో వెళ్లిన నేను, మొదటి రోజు సాయంత్రానికి ఒక్క పంక్తి కూడా పూర్తి చేయలేకపోయాను.

జవాబు 2 (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు):
అమ్మా, పై మిత్రుడు చెప్పినదంతా నిజమే కానీ, మీ తెలుగును తక్కువ చేసుకోకండి. ఆ వ్రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా కనిపించవు కనుక, మన ఊరి పేర్లు తెలియనివారు ఆ కాగితాల్లో ఊరిని గుర్తించలేక తడబడతారు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా ఫర్మానాలు ఫారసీతో పాటు తెలుగులోనూ ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే వాటికంటే మంచి వాచకం దొరకదు. ఆ కొలువుకు తెలుగు పరాయిది కాదు; పొన్నికంటి తెలగన తన అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చింది కూడా గోల్కొండ కొలువులోని అమీన్‌ఖానుకే.

ఇంకొక మాట. శాసనాలు చదివిన మీకు ‘గుణ ఇందు బాణ చంద్ర’ అంటే ఆ మాటలు సూచించే 3, 1, 5, 1 అంకెలను కుడి నుంచి ఎడమకు చదివి శక సంవత్సరం 1513 అని చప్పున తెలుస్తుంది. చార్మినారు కాలాన్ని చెప్పే ‘యా హాఫిజ్’ అన్న మాటలో, అరబ్బీ లిపిలోని ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క విలువ: 10, 1, 8, 1, 80, 900. కూడితే హిజ్రీ 1000. రెండూ ఇంచుమించు ఒకే ఏడు, క్రీ.శ. 1591. లెక్క వేసే తీరు మాత్రమే వేరు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఉర్దూ లిపి నేర్చుకుని ఆ తర్వాత ఫారసీలోకి వెళ్లడం మంచిదా, లేక నేరుగా మొదలుపెట్టాలా?

జవాబు 1 (మళ్లీ):
ఉర్దూతోనే మొదలుపెట్టండి. ఈ ఊళ్లో దుకాణాల బోర్డుల మీదే సాధన సాగుతుంది. ఆపైన గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఫారసీ శాఖ ఉంది, అక్కడ విచారించండి. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితాలున్నాయి. ఏడాది తర్వాత ఒక్క కాగితం ముందు కూర్చుని చూడండి, అంశం మార్చుకోవాలో లేదో అప్పుడు తేల్చుకోవచ్చు.