అత్తయ్యగారికి ఇంగ్లీషు నేర్పితే డిమెన్షియా రాదా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చామండీ. అత్తయ్యగారికి 68. పర్మనెంట్ వీసా, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు ఉన్నాయి. తెలుగు, ఉర్దూ ధారాళంగా మాట్లాడతారు. ఈమధ్య పేర్లు మరచిపోతున్నారు. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడితే డిమెన్షియా రాదని ఎవరో అన్నారు. నిజమేనా?

జవాబు 1: రాదని కాదండీ, ఆలస్యంగా బయటపడుతుందని. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో లక్షణాలు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా ఉంది కాబట్టి అదంతా చదువు మహిమ అనలేం. అయితే రెండు భాషలు దాటాక అదనపు లాభం కనబడలేదు. ఆవిడకి ఆ రెండూ ఎప్పటినుంచో ఉన్నాయి.

జవాబు 2: అది ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లతరబడి గమనించిన అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే, రిస్కు తగ్గినట్టు తేలలేదు. ఇంగ్లీషు క్లాసుకి సరదాగా వెళ్తానంటే పంపండి, కానీ ఇంట్లో తెలుగు మానకండి. ఆవిడ మాట్లాడటమే తగ్గిస్తే, అది మరుపో, భాష రాక ఆగడమో మీకే తెలియదు.

జవాబు 3: పేర్ల మరుపుకి ముందు జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర లాంగ్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. బుక్ చేసేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. ప్రభుత్వ ఇంటర్‌ప్రెటర్ సర్వీసు టిస్ నేషనల్ నంబరు 131 450, మెడికేర్ కార్డు ఉన్నవాళ్లకి డాక్టరు ఉచితంగా పెట్టించుకోవచ్చు. మీరు అనువదించకండి. ఇంటివాళ్లు తెలియకుండానే జవాబు అందిస్తారు, లేదా తప్పు జవాబుని సరిదిద్ది చెబుతారు.

పరీక్షల్లో రుడాస్ (RUDAS) అనే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్ష అడగండి. సిడ్నీలో వేర్వేరు భాషలవాళ్ల కోసమే తయారైంది. సరుకుల జాబితా గుర్తుపెట్టుకోవడం, పిడికిలి–అరచెయ్యి మార్చడం, బొమ్మ గియ్యడం, నిమిషంలో జంతువుల పేర్లు చెప్పడం ఉంటాయి. 30కి 22 లేదా తక్కువ వస్తే మరిన్ని పరీక్షలు చేస్తారు, అదే రోగనిర్ధారణ కాదు. ఇంట్లో ముందే ప్రాక్టీసు చేయించారో, స్కోరు పనికిరాదు.

బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు, వినికిడి పరీక్ష కూడా అడగండి. శాకాహారులైతే బీ12 మరీ ముఖ్యం. చెవులు సరిగా వినపడకపోయినా మరుపులాగే కనిపిస్తుంది.

గందరగోళం ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మొదలైతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మూత్రనాళ ఇన్ఫెక్షన్, కొత్త మందులు కూడా అలా చేస్తాయి.